వయసు చెప్పని తల్లులు

గోదావరి వశిష్ఠ పాయ గట్టు దిగువన ఒక పెంకుటిల్లు. అరుగు మీద ఏఎన్ఎం, అంటే ఊళ్లోకొచ్చే ప్రభుత్వ నర్సు, గర్భిణుల రిజిస్టరు తెరుచుకుని కూర్చుంది. ఎదురుగా చాప మీద, మెడలో పసుపు ఇంకా ఆరని తాడుతో ఒక పిల్ల. "నీకెన్నేళ్లమ్మా?" అని ఆవిడ పిల్లని అడిగింది. జవాబు వంటింట్లోంచి అమ్మమ్మ చెప్పింది: "పందొమ్మిదెల్లి ఇరవై వత్తన్నాయండి." పిల్ల తల వంచుకుని చాప అంచు పుల్లలు పీకుతోంది. ఏఎన్ఎం కలం ఒక్క క్షణం ఆగింది. తర్వాత 19 అని రాసుకుంది.

ఆ పిల్ల మా బడి పిల్లే. పదో తరగతి, కిటికీ పక్క బెంచీ. దసరా సెలవుల తర్వాత మళ్లీ రాలేదు. ఎందుకు రాలేదో కనుక్కుందామనే ఆ రోజు వాళ్లింటికి వెళ్లాను. బడి రిజిస్టరు ప్రకారం ఆమెకు పదహారు నిండి రెండు నెలలు. ఆ సంగతి ఆ అరుగు మీద నాకొక్కడికే తెలుసనుకుంటే పొరపాటు. అందరికీ తెలుసు. అందరం ఊరుకున్నాం.

రిటైరయ్యాక కూడా నన్ను వదలని ప్రశ్న ఇదే. పదహారేళ్లకే తల్లయ్యే పిల్లకు ఆసుపత్రి ఉంది, అంగన్‌వాడీ ఉంది, ఓపెన్ స్కూలు ఉంది. మరి ఎక్కడ తెగిపోతోంది? నాకు కనిపించినంతలో, తెగేది పుట్టిన తేదీ దగ్గర. వయసు దాచాలి కాబట్టి మనిషినే దాచేస్తారు. ఒకసారి దాచాక, సాయం చేయడానికి వచ్చినవాళ్లకు కూడా ఆమె కనపడదు.

పచ్చటి డెల్టాలో ఎందుకు

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క చూడండి. 20–24 ఏళ్ల ఆడవాళ్లలో 18 నిండకుండా పెళ్లయినవాళ్లు దేశం మొత్తం మీద 23.3 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం. 15–19 ఏళ్ల పిల్లల్లో సర్వే నాటికే తల్లి అయినవాళ్లు, కడుపుతో ఉన్నవాళ్లు కలిపి దేశంలో 6.8 శాతం, మన రాష్ట్రంలో 12.6 శాతం. అంటే ఎనిమిది మందిలో ఒకరు. ఇది కూడా సర్వేకు వచ్చినవాళ్లతో చెప్పిన వయసును బట్టి వేసిన లెక్కేనని గుర్తుంచుకోవాలి.

డెల్టా అనగానే బయటివాళ్లకు కొబ్బరిచెట్లు, కాలవలు, కాటన్ దొర ఆనకట్ట గుర్తొస్తాయి. ఆ నీళ్లు పారే పొలం ఎవరిది, అందులో దిగి నాట్లు వేసేది ఎవరు అన్నది వేరే కథ. కౌలుకు చేసేవాళ్లు, రొయ్యల షెడ్లలో తలలు వలిచేవాళ్లు, చెరువుల మీద కాపలా ఉండేవాళ్లు, ఇసుక రేవుల్లో పనిచేసేవాళ్లు, వీళ్ల ఇళ్లలో ఎదిగిన ఆడపిల్ల అంటే నిజంగానే గుండెల మీద కుంపటి. తల్లీ తండ్రీ తెల్లారకుండా పనికి పోతే పిల్ల ఇంట్లో ఒంటరిగా ఉంటుంది. "ఏదైనా జరిగితే?" అన్న భయం కట్నం కన్నా పెద్దది. మేనమామ కొడుకు ఎలాగూ ఉన్నాడు కదా, మూఢం రాకుండా కానిచ్చేద్దాం అంటారు.

దీనికి గల్ఫ్ తోడవుతుంది. కోనసీమ నుంచి, నరసాపురం వైపు నుంచి ఇంటిపనికి కువైట్, మస్కట్ వెళ్లే ఆడవాళ్లు ఎందరో. పదో తరగతి పాస్ కాని ఆడమనిషి ఆ దేశాలకు ఇంటిపనికి వెళ్లాలంటే 30 ఏళ్లు నిండాలని మన ప్రభుత్వ నిబంధన. పద్దెనిమిది, పందొమ్మిదేళ్లకు బిడ్డను కన్న తల్లికి ముప్పై నిండేసరికి కూతురికి పదకొండో పన్నెండో ఉంటాయి. సరిగ్గా పిల్ల ఈడేరే వేళకు తల్లి విమానం ఎక్కుతుంది. పిల్ల అమ్మమ్మ చేతిలో మిగులుతుంది. అమ్మమ్మకు యాభై దాటిన వయసు, మోకాళ్ల నొప్పులు, పరువు భయం. కువైట్ నుంచి తల్లి ఫోన్లో ఏడుస్తూ ఊ అంటుంది. పెళ్లయిపోతుంది.

ప్రేమించి వెళ్లిపోయినవాళ్లూ ఉన్నారు. పదిహేడేళ్ల అమ్మాయి, పందొమ్మిదేళ్ల కుర్రాడు, అన్నవరంలో దండలు. చట్టం కంటికి ఈ రెండు రకాలకూ పెద్ద తేడా లేదు. ఊరి కంటికి మాత్రం బోలెడు తేడా. మొదటిది పెళ్లి, రెండోది కేసు.

మూడు చట్టాలు, ఒక పిల్ల

అసలు చిక్కుముడి ఇక్కడుంది. కాస్త ఓపిగ్గా విప్పుకుందాం.

మొదటిది 2006 నాటి బాల్య వివాహాల నిషేధ చట్టం. అమ్మాయికి 18, అబ్బాయికి 21 నిండకుండా పెళ్లి చేస్తే, చేసినవాళ్లకు రెండేళ్ల దాకా కఠిన జైలుశిక్ష, లక్ష రూపాయల దాకా జరిమానా పడవచ్చు. అయితే జరిగిపోయిన పెళ్లి దానంతటది రద్దు కాదు. పిల్ల కోరితే కోర్టు రద్దు చేస్తుంది. మేజరైన తర్వాత రెండేళ్ల లోపు, అంటే ఆమెకు 20 నిండేలోగా అడగాలి. రద్దయినా పుట్టిన బిడ్డ చట్టం దృష్టిలో సక్రమ సంతానమే. ఆమె మళ్లీ పెళ్లి చేసుకునేదాకా భరణం, ఉండటానికి చోటు ఇప్పించే అధికారం కోర్టుకు ఉంది. ఈ సంగతి ఊళ్లలో ఎవరికీ తెలియదు. "రద్దయితే బిడ్డ ఏమైపోవాలి" అని భయపడి నోరు మూసుకున్న పిల్లలు నాకు తెలుసు.

రెండోది పోక్సో, పిల్లల మీద లైంగిక నేరాలను అడ్డుకోవడానికి 2012లో వచ్చిన చట్టం. 18 నిండని పిల్లకు ఇష్టం ఉందా లేదా అన్న ప్రశ్నే ఇందులో లేదు. పెళ్లి మినహాయింపు కూడా నిలవదు. భార్యయినా 18 లోపుంటే ఆమెతో శారీరక సంబంధం అత్యాచారమేనని 2017 అక్టోబరులో సుప్రీంకోర్టు తేల్చింది. 2024 జులై నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోనూ ఆ వయసు 18గానే రాశారు. పైగా నేరం జరిగిందని తెలిసినవాళ్లు ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలి. డాక్టరైనా, టీచరైనా, నర్సయినా. చెప్పకపోతే ఆరు నెలల దాకా జైలు. ఆ రోజు ఏఎన్ఎం కలం ఎందుకు ఆగిందో, మళ్లీ ఎందుకు కదిలిందో ఇప్పుడు అర్థమవుతుంది. పదహారు అని రాస్తే ఆమె కబురు చేయాలి. కబురు చేస్తే మర్నాటి నుంచి ఆ వీధిలో ఏ గడపా ఆమెకు తెరుచుకోదు.

మూడోది గర్భస్రావ చట్టం, 1971లో వచ్చి 2021లో సవరించినది. 20 వారాల దాకా ఒక డాక్టరు అభిప్రాయంతో, 20 నుంచి 24 వారాల మధ్య ఇద్దరు డాక్టర్ల అభిప్రాయంతో మైనర్ పిల్లకు గర్భం తీయించుకునే వీలుంది. సంరక్షకుల్లో ఒకరి రాతపూర్వక అంగీకారం చాలు. మొగుడి సంతకం, అత్తగారి సంతకం అక్కర్లేదు. 2022 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఇంకో ముఖ్యమైన మాట చెప్పింది: ఇలా గర్భం తీయించుకోవడానికి వచ్చిన మైనర్, ఆమె సంరక్షకులు కోరితే, పోలీసులకిచ్చే సమాచారంలో డాక్టరు ఆమె పేరు, వివరాలు చెప్పనక్కర్లేదు. బిడ్డను కనాలనుకున్న పిల్ల విషయంలో ఇంత వెసులుబాటు ఆ తీర్పులో లేదు. వెతికి చూస్తే మొత్తం ముడిలో ఇదే బిగుతైన చోటు.

పిల్లను కాపాడటానికి రాసిన చట్టాలే ఆమెను ఆసుపత్రికి దూరం చేస్తున్నాయంటే కొందరికి కోపం వస్తుంది. చట్టాలు ఎత్తేయమని నేను అనడం లేదు. నలభై ఏళ్లవాడికి పద్నాలుగేళ్ల పిల్లను కట్టబెట్టే చోట పోక్సో ఉండాల్సిందే. కానీ పదిహేడేళ్ల గర్భిణికి అదే తాళం వేస్తే, ఆమె పీహెచ్‌సీ (ప్రాథమిక ఆరోగ్య కేంద్రం) మానేసి ఆర్ఎంపీ దగ్గరకు పోతుంది. లేదంటే పంటు ఎక్కి గోదావరి దాటి, ముఖం ఎరగని ఊళ్లో ప్రైవేటు నర్సింగ్‌హోమ్‌కు పోతుంది.

కోర్టులకూ ఈ ఇరకాటం అర్థమవుతున్నట్టే ఉంది. 2024 అక్టోబరులో బాల్య వివాహాల మీద ఇచ్చిన తీర్పులో సుప్రీంకోర్టు, ముందు నివారణ, పిల్లల రక్షణ చూడాలనీ, శిక్ష ఆఖరి మార్గంగా ఉండాలనీ అంది. పశ్చిమ బెంగాల్ నుంచి వచ్చిన ఒక పోక్సో కేసులో 2025 మేలో ఇంకా ముందుకు వెళ్లింది. అందులో అమ్మాయి మైనర్‌గా ఉండగానే ఇంట్లోంచి వెళ్లి, తల్లయింది. జరిగిన సంఘటనకంటే ఆ తర్వాత పోలీసు స్టేషన్లు, కోర్టుల చుట్టూ తిరగడమే ఆమెను ఎక్కువ నలిపేసిందని గమనించి, నేరం రుజువైనా శిక్ష విధించలేదు. ఆమె పదో తరగతి పూర్తి చేయడానికి, ఇష్టమైతే డిగ్రీ దాకా చదవడానికి అయ్యే ఖర్చు రాష్ట్ర ప్రభుత్వమే పెట్టుకోవాలంది. ఆ ఒక్క కేసుకే పరిమితమైన తీర్పు అది. అయినా "ఈ పిల్లను ఇప్పుడు ఏం చేద్దాం" అని అడిగితే జవాబు ఎలా ఉండాలో అందులో కనిపిస్తుంది.

కేసు నిజంగానే పడితే చేతులెత్తేయనక్కర్లేదు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఆడవాళ్లకు, పిల్లలకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరును ఇస్తుంది. ఫోన్ నంబరు 15100. బాలల సంక్షేమ కమిటీ పిల్లతో నేరుగా మాట్లాడాలి, ఆమెకు ఒక సహాయకురాలిని ఏర్పాటు చేయవచ్చు. పిల్ల తరఫున ఎవరో ఒకరు అక్కడ కూర్చుని "పరీక్షలు మార్చిలో ఉన్నాయండి" అని గుర్తుచేయాలి. లేకపోతే ఆ కాగితాల్లో చదువన్న మాటే రాదు.

ఎదిగే ఒంట్లో ఎదిగే బిడ్డ

పదహారేళ్ల పిల్ల ఒళ్లు ఇంకా ఎదుగుతుంటుంది. తిన్నదాంట్లో తన వాటా, బిడ్డ వాటా అని రెండు పంపకాలు. పైగా మన రాష్ట్రంలో 15–49 ఏళ్ల ఆడవాళ్లలో 58.8 శాతానికి రక్తహీనత ఉందని అదే సర్వే చెబుతోంది. అంటే చాలామంది పిల్లలు అప్పుతోనే సంసారం మొదలుపెడతారు. గర్భిణికి హిమోగ్లోబిన్ 11 కన్నా తగ్గితే రక్తహీనత కింద లెక్క, 7 కన్నా తగ్గితే ప్రమాదం. కాన్పులో మామూలుగా పోయే రక్తమే అలాంటి పిల్ల ప్రాణం మీదకు తెస్తుంది.

మందు తేలికే. మూడు నెలలు దాటాక రోజుకో ఎర్ర మాత్ర, 180 రోజులు. కాన్పయ్యాక మళ్లీ 180 రోజులు. ఈ రెండో సగం దాదాపు ఎవరూ మింగరు. "బిడ్డ బయటికొచ్చేసింది కదా, ఇంకెందుకు రక్తం మాత్రలు" అని డబ్బా అటక మీదకు పోతుంది. మాత్ర వేసుకుని వెంటనే టీ తాగితే ఇనుము ఒంటికి పట్టదు. నిమ్మకాయ పులిహోరతోనో, భోజనం తర్వాత నిమ్మరసంతోనో వేసుకుంటే బాగా పడుతుంది. కాల్షియం మాత్ర కూడా ఇస్తారు, దాన్ని ఇనుముతో కలిపి మింగకూడదు. ఒకటి పగలు, ఒకటి రాత్రి అనుకుంటే సరిపోతుంది. మాత్రలు వేసుకుంటే విరేచనం నల్లగా అవుతుంది. ఆ ఒక్క ముక్క ముందే చెప్పకపోవడం వల్ల మానేసినవాళ్లు ఎంతమందో.

పథ్యం సంగతి చెప్పకపోతే గోదావరి బాలింత కథ పూర్తికాదు. మన పెద్దవాళ్లను ఊరికే తప్పుపట్టే అలవాటు చదువుకున్నవాళ్లకు ఉంది. తెలగపిండి, మునగాకు కూర బాలింతకు పెట్టడం మంచిదే. సొరచేప పిట్టు ఇంకా మంచిది, మాంసకృత్తులకు అంతకన్నా ఏం కావాలి. చిక్కు ఎక్కడొస్తుందంటే, నీళ్లు తాగనివ్వకపోవడం, ఆకుకూరలు, పప్పులు మాన్పించి కారప్పొడి అన్నంతో నెలంతా నెట్టేయడం. ఇరవై ఐదేళ్ల ఆరోగ్యవంతురాలు దాన్ని తట్టుకుంటుందేమో. రక్తం తక్కువున్న పదహారేళ్ల పిల్ల తట్టుకోలేదు. అమ్మమ్మతో వాదించకుండా "మామ్మగారూ, సొర పిట్టు ఇంకో నాలుగు రోజులు పెట్టండి, దాంతో పాటు పప్పు కూడా" అంటే పని జరుగుతుంది. నేను చూసిన మంచి ఆశా కార్యకర్తలంతా ఇలాగే మాట్లాడేవారు.

బీపీ మాత్రం మాటలతో పోయేది కాదు. తొలిచూలులో, అందులోనూ ఇరవై లోపు వయసులో, అయిదో నెల దాటాక బీపీ పెరిగి ఫిట్స్ దాకా వెళ్లే ప్రమాదం ఎక్కువ. ముఖం, చేతులు వాయడం, తగ్గని తలనొప్పి, కళ్లు మసకలు కమ్మడం, డొక్కల పైభాగంలో నొప్పి, ఇవి దాని గుర్తులు. "తొలిచూలు కదా, నీరు పట్టడం మామూలే" అనే మాట ఎంత మెత్తగా వినిపిస్తుందో అంత ప్రమాదం. ఫిట్స్ వస్తే గాలి సోకిందని నిమ్మకాయలు తిప్పే టైము అది కాదు, 108కి ఫోన్ చేసే టైము. పీహెచ్‌సీలో మొదటి ఇంజెక్షన్ చేసి అమలాపురమో, భీమవరమో, అక్కడ కాకపోతే ఎదుర్లంక వారధి మీదుగా కాకినాడ పెద్దాసుపత్రికో పంపుతారు. దారిలోనే గంటలు పోతాయి. అందుకే బీపీ ముందే పట్టుకోవాలి. ప్రతినెలా 9వ తేదీన ప్రభుత్వాసుపత్రుల్లో గర్భిణులకు డాక్టరు చేసే పరీక్షకు వెళ్తే అది పట్టుబడుతుంది. అక్కడ 16 అని తెలిస్తే ఆమె కార్డు మీద హైరిస్క్ గుర్తు పడుతుంది, మిగతావాళ్లకన్నా ఎక్కువసార్లు చూస్తారు. వయసు పెంచి రాయిస్తే ఆ గుర్తు తప్పిపోవచ్చు.

వరద రోజుల్లో ఈ రాత ఎంత పని చేస్తుందో లంక గ్రామాల వాళ్లకు తెలుసు. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటి నీరు వదిలినప్పుడు లంకలన్నీ మునిగాయి. అలాంటప్పుడు కాన్పు తేదీ దగ్గరపడ్డవాళ్ల పేర్లు చూసుకుని ముందే పడవల మీద ఒడ్డుకు చేరుస్తారు. పేరు లేని పిల్ల కోసం పడవ రాదు. తొలికాన్పుకు పుట్టింటికి రావడం మన ఆచారం కాబట్టి చిక్కు ఇంకొంచెం పెరుగుతుంది. పేరు అత్తవారి ఊళ్లో ఉంటుంది, మనిషి ఇక్కడ ఉంటుంది. పుట్టింటికి వచ్చిన రోజే కార్డు పట్టుకెళ్లి ఇక్కడి ఏఎన్ఎంకు చూపించడం సగం బలం.

డబ్బు సాయం విషయంలో ఒక అయోమయం తీర్చాలి. ప్రభుత్వాసుపత్రిలో కాన్పు, ఆపరేషన్, మందులు, పరీక్షలు, భోజనం, ఇంటికి దింపే 102 బండి, ఇవన్నీ 2011 నుంచి ప్రతి గర్భిణికీ ఉచితం. వయసు షరతు లేదు. అంగన్‌వాడీలో గర్భిణికి, బాలింతకు ఇచ్చే ఆహారం 2013 ఆహార భద్రతా చట్టం కింద హక్కు. అక్కడా వయసు షరతు లేదు. షరతు ఉన్నది కేంద్రం నగదుగా ఇచ్చే మాతృ వందన 5,000 రూపాయలకు. దానికి తల్లికి కనీసం 18 ఏళ్ల 7 నెలలు ఉండాలి. ఆ డబ్బు కోసం, పెళ్లి కప్పిపుచ్చడం కోసం కొందరు ఆధార్‌లో పుట్టిన సంవత్సరం మార్పించేస్తారు. ఆధార్‌లో పుట్టిన తేదీ మార్చుకునే అవకాశం ఒక్కసారే. ఆ తర్వాత బడి సర్టిఫికెట్ ఒక వయసు, ఆధార్ ఒక వయసు చెబుతుంటే, ఆ పిల్ల ఓపెన్ స్కూల్లో చేరబోయినా, పాస్‌పోర్టుకు వెళ్లినా తిప్పలు తప్పవు. 5,000 కోసం చేసిన పని ఐదేళ్ల తర్వాత కాలికి అడ్డం పడుతుంది.

ఇక రెండో కాన్పు. ఇద్దరు బిడ్డల మధ్య, అంటే ఒక కాన్పుకు, మళ్లీ నెల తప్పడానికి మధ్య కనీసం రెండేళ్లు ఉండాలంటారు డాక్టర్లు. మన దగ్గర జరిగేది వేరు. వెంటవెంటనే ఇద్దరు, వెంటనే ఆపరేషన్. రాష్ట్రంలో పెళ్లయిన ఆడవాళ్లలో దాదాపు 70 శాతం ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. కుటుంబ నియంత్రణ ఆపరేషన్‌కు 22 నిండాలన్నది నిబంధన. ఇరవైకే ఇద్దరిని కన్న పిల్ల వయసు అక్కడ మరోసారి పెరుగుతుంది. మధ్యలో వాడుకోడానికి ప్రభుత్వాసుపత్రిలోనే ఉచితంగా కాపర్-టి ఉంది, మూడు నెలలకోసారి చేసే అంతర ఇంజెక్షన్ ఉంది, ఛాయ బిళ్ల ఉంది. పాలిచ్చే తల్లికి అంతర కాన్పయిన ఆరు వారాల తర్వాత వేస్తారు. ఇవన్నీ అత్తగారి ఎదుట అడగలేని మాటలు. 42 రోజుల్లో ఆరుసార్లు ఇంటికి వచ్చే ఆశ, ఒక్కసారైనా పిల్లతో ఒంటరిగా మాట్లాడితే చాలు. ఆ ఒంటరి మాటల్లోనే ఏడుపు కూడా బయటపడుతుంది. బిడ్డను చూస్తే ఏమీ అనిపించడం లేదు, నిద్ర పట్టడం లేదు, చచ్చిపోవాలనిపిస్తోంది అంటే అది పొగరూ కాదు, దిష్టీ కాదు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు.

బడి గేటు దగ్గర

కడుపుతో ఉన్న పిల్లను బడి నుంచి పంపేయమని చెప్పే రూలు నా సర్వీసులో నేను ఒక్కటీ చూడలేదు. టాంజానియాలో అలాంటి నిషేధం ఉండేది, 2021లో ఎత్తేశారు. సియెర్రా లియోన్‌లో 2020లో ఎత్తేశారు. మనకు ఎత్తేయడానికి నిషేధం అంటూ లేదు. టీసీ మాత్రం మర్యాదగా చేతిలో పెడతారు. "మీ మంచికే చెబుతున్నాం, మిగతా పిల్లలు ఏమనుకుంటారు?" అంటారు. నేను పనిచేసిన ఒక బడిలో ఆ మాట అన్నవాళ్లలో మంచి టీచర్లు కూడా ఉన్నారు. మిగతా పిల్లలు చెడిపోతారన్న వాదన నాకు ఎప్పుడూ తలకెక్కలేదు. వాంతులు చేసుకుంటూ లెక్కలు చేసే స్నేహితురాలిని చూస్తే ఏ పిల్లకూ త్వరగా పెళ్లి చేసుకోవాలనిపించదు.

చట్టం తోడు కూడా ఇక్కడ పలచబడుతుంది. విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల వరకే. పదో తరగతి పిల్ల ఆ గీత దాటిపోయింది. పిల్ల చదివితే తల్లి ఖాతాలో డబ్బు వేసే పథకం మనకు ఉంది, పేరే తల్లికి వందనం. చదువుకునే పిల్లే తల్లి అయితే వందనం ఎవరికో, 75 శాతం హాజరు ఎక్కడి నుంచి వస్తుందో!

టీసీ తీసుకోకపోవడం మొదటి పని. పేరు రోలులో ఉంటే, కాన్పు పరీక్షలకు దూరంగా ఉంటే, అదే బడి నుంచి రాయవచ్చు. మార్చిలో కుదరకపోతే సప్లిమెంటరీ ఉంటుంది. అదీ కుదరదనుకుంటే సార్వత్రిక విద్యాపీఠం, అంటే ఓపెన్ స్కూలు. 14 నిండితే పదికి, 15 నిండితే ఇంటర్‌కు చేరవచ్చు. రోజూ బడికి వెళ్లక్కర్లేదు. సబ్జెక్టులన్నీ ఒక్కసారే గట్టెక్కాలని కూడా లేదు. ఈసారి తెలుగు, సోషలు, వచ్చేసారి లెక్కలు అని విడివిడిగా పాస్ కావచ్చు. పసిబిడ్డ తల్లికి ఇంతకన్నా అనువైన పద్ధతి లేదు. అయితే దాని బలహీనత కూడా అక్కడే ఉంది. రోజూ వెళ్లేది కాదు కాబట్టి పుస్తకం తెరిచే రోజు రాదు. బియ్యం ఏరడం, అంట్లు, బిడ్డ, మళ్లీ బియ్యం. ఒంటరిగా చదివి పాసైన పిల్లను నేను చూడలేదు. వారానికి రెండు సాయంత్రాలు ఎవరో ఒకరు, పాత టీచరో, పక్కింటి డిగ్రీ అమ్మాయో, వచ్చి కూర్చున్న చోటే పని జరిగింది.

ఈ పదో తరగతి సర్టిఫికెట్ డెల్టాలో గోడకు తగిలించే కాగితం కాదు. పది పాసైతే పాస్‌పోర్టు మీద ఈసీఆర్ ముద్ర, అంటే పనికి విదేశం వెళ్లాలంటే ప్రభుత్వ అనుమతి కావాలనే ముద్ర, పడదు. ఏజెంటు చేతిలో పడి ఇంటిపని వీసా మీద వెళ్లడం ఒక్కటే దారి కాకుండా పోతుంది. నర్సింగ్, అంగన్‌వాడీ, ఏ ఉద్యోగం అడిగినా మొదటి మెట్టు అదే. అత్తవారిని ఒప్పించడానికి ఈ ముక్క పనికొస్తుంది. చదువు గొప్పదనం మీద ఉపన్యాసం ఇస్తే వినని మామగారు, పాస్‌పోర్టు మాట ఎత్తగానే కుర్చీ ముందుకు జరుపుకోవడం నేను చూశాను.

పెద్ద ఖాళీ ఒకటి ఇంకా పూడలేదు. అంగన్‌వాడీలో మూడేళ్లు నిండిన పిల్లలను కూర్చోబెట్టుకుంటారు. ఆ లోపు పిల్లలకు ఇంటికి సరుకులు ఇస్తారు తప్ప రోజంతా చూసుకోరు. కేంద్రం పాల్నా పేరుతో అంగన్‌వాడీలకు అనుబంధంగా శిశు సంరక్షణ కేంద్రాలు మొదలుపెట్టింది. ఊరూరా వస్తేనే గాని చదువుకునే తల్లికి అది అక్కరకు రాదు. ప్రస్తుతానికి ఆమె హాజరు పట్టీ అమ్మమ్మ మోకాళ్ల మీద ఆధారపడి ఉంది.

కుర్రాడి సంగతి ఎవరూ అడగరు. అతనికీ పద్దెనిమిదో పందొమ్మిదో ఉంటాయి, ఇంటర్ సగంలో ఉంటాడు. కేసు పడితే జైలు, పడకపోతే రొయ్యల చెరువు. మేత చల్లుతూ రాత్రిళ్లు ఏరేటర్లకు కాపలా కాస్తాడు. బిడ్డ పుట్టాక చదువు అన్న మాట అతని ముందు ఎత్తడమే ఎగతాళి అన్నట్టు చూస్తారు. హాజరు మినహాయింపు ఫీజు కట్టి ఆర్ట్స్ గ్రూపుతో ఇంటర్ ప్రైవేటుగా రాయవచ్చని అతనికి చెప్పినవాళ్లు లేరు. ఆసుపత్రిలో అతన్ని గేటు బయటే నిలబెడతారు. నెల తక్కువ బిడ్డను ఛాతీకి ఆనించి వెచ్చగా ఉంచే పని తండ్రి కూడా చేయవచ్చు. రెండున్నర కిలోలకన్నా తక్కువ పుట్టిన బిడ్డకు ఆ వెచ్చదనం మందులాంటిది. అది నేర్చుకున్న కుర్రాళ్లు ఆ తర్వాత మాత్రలు గుర్తుచేసేవాళ్లయ్యారు.

కిటికీ పక్క బెంచీ పిల్ల సంగతి చెప్పి ఆపుతాను. ఆ రోజు ఏఎన్ఎం వెళ్లిపోయాక గట్టు మీద ఆవిడను ఆపి, బడి రిజిస్టరులో ఉన్న తేదీ చెప్పాను. "తెలుసండి మాస్టారూ," అంది. ఇద్దరం అక్కడే కాసేపు నిలబడ్డాం. మర్నాడు మళ్లీ వెళ్లి, అమ్మమ్మతో గంటసేపు మాట్లాడి, కార్డు మీద 16 అని దిద్దింది. తర్వాత నెలలు ఆవిడకూ నాకూ తేలిగ్గా గడవలేదు. అంగన్‌వాడీలను చూసే అధికారి సీడీపీఓ వచ్చారు, బాలల సంక్షేమ కమిటీ పిలిచింది, ఊళ్లో నాతో మాట్లాడటం మానేసినవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. పిల్లకు హిమోగ్లోబిన్ 8 ఉందని బయటపడింది, ఆసుపత్రిలో ఐరన్ సెలైన్లు ఎక్కించారు. బిడ్డ 2 కిలోల 300 గ్రాములతో పుట్టింది.

మరుసటి ఏడు పరీక్ష హాలు. ఉదయం తొమ్మిదిన్నర నుంచి పన్నెండూ ముప్పావు దాకా. బయల్దేరే ముందు, నీళ్లలో మరిగించి ఆరబెట్టిన స్టీలు గిన్నెలోకి పాలు పిండి మూత పెట్టింది. అలా శుభ్రంగా పెడితే నాలుగు గంటలు నిలవ ఉంటాయని ఏఎన్ఎం చెప్పింది. పరీక్ష మూడుంపావు గంటలు. సెంటరు బయట వేపచెట్టు కింద అమ్మమ్మ, ఒళ్లో బిడ్డ, పక్కన ఉగ్గుగిన్నె. పదకొండింటికి బిడ్డ లేచి ఏడుపు మొదలెట్టింది. "ఆగవే అమ్మా, మీ అమ్మ లెక్కలు చేత్తంది," అంటూ అమ్మమ్మ గిన్నె మూత తీసింది.